లినక్స్‌లో గేమ్స్: కూర్చునేవాళ్లు టెర్మినల్ తెరవకుండా నడవాలంటే ముందే ఏం సెట్ చేయాలి?

రాంనగర్_రిగ్
అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని పిల్లల గదికి నాలుగు మిషన్లు సిద్ధం చేయాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది. వీటిలో రెండు విండోస్ 11 లిస్టులోనే లేవు. అందుకే లినక్స్.

ఎ: ఐ5-9400ఎఫ్, జీటీఎక్స్ 1650, 16 జీబీ
బి: ఐ5-7400, జీటీఎక్స్ 1050 టీఐ, 8 జీబీ
సి: ఐ3-4130, జీటీ 710, 8 జీబీ
డి: ల్యాప్‌టాప్, రైజెన్ 5 5600హెచ్, ఆర్‌టీఎక్స్ 3050, 16 జీబీ

అడుగుతున్న గేమ్స్: వాలరంట్, సీఎస్2, జీటీఏ 5, ఎఫ్‌సీ 25, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్, హేడీస్. 1 టీబీ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్కులో స్టీమ్ (గేమ్స్ కొని నడిపే యాప్) లైబ్రరీ ఇప్పటికే ఉంది, దాన్నే వాడాలని ఆలోచన. ఆరో తరగతి పిల్లల నుంచి రిటైరైన అంకుల్స్ దాకా అందరూ కూర్చుంటారు. ఎవరూ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరవరు, తెరవాల్సిన అవసరం రాకూడదు కూడా. ఏ డిస్ట్రో (లినక్స్ రకం) వేయమంటారు?

కెర్నల్_కాక
డిస్ట్రో ముచ్చట తర్వాత. ముందుగాల గేముల లిస్టు తెంపుదాం.

వాలరంట్ నడవది. దాని వాన్‌గార్డ్ (దొంగాట పట్టే యాంటీచీట్) విండోస్ కెర్నల్‌ల, అంటే సిస్టమ్ గుండెకాయల, కూసుంటది. విండోస్ గేములను లినక్స్ మీద నడిపించే స్టీమ్ ప్రోటాన్ దగ్గర విండోస్ కెర్నలే లేదాయె, ఇంకేడ కూసుంటది? ఎఫ్‌సీ 25 గూడ గదే కథ, ఈఏ సొంత యాంటీచీట్. జీటీఏ 5 స్టోరీ నడుస్తది. ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబర్‌ల బ్యాటిల్‌ఐ పెట్టిండ్రు, లినక్స్‌కు తలుపు తియ్యలే. బ్యాటిల్‌ఐ, ఈజీ యాంటీచీట్ రెండిట్ల 2021 నుంచి ప్రోటాన్‌కు దారి ఉంది గని, గేమ్ కంపెనీ తన దిక్కు నుంచి ఆన్ చెయ్యాలె. అపెక్స్ లెజెండ్స్ మంచిగ నడిచి నడిచి 2024 అక్టోబర్ ఆఖర్ల బందైంది. అంటే ఇయ్యాల నడిచింది రేపు నడుస్తదని రాసియ్యలేం.

సీఎస్2కు సొంత లినక్స్ బిల్డే ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, హేడీస్ ప్రోటాన్ మీద బేఫికర్. వాలరంట్ రాదని గది తలుపు మీదనే రాసి పెట్టున్రి, సగం లొల్లి అక్కడనే తగ్గుతది.

మెసా_మల్కాజ్‌గిరి
కార్డుల సంగతి చెబుతా. నాలుగూ ఎన్విడియానే, కానీ నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు.

జీటీ 710 కెప్లర్ చిప్. దాని డ్రైవర్ 470 సిరీస్ దగ్గర ఆగింది, వల్కన్ (బొమ్మ గీయమని గేమ్ కార్డుకి చెప్పే భాష) 1.2 దాటదు. విండోస్ గేమ్స్ వాడే డైరెక్ట్‌ఎక్స్ 9 నుంచి 11 దాకా ఉన్న కాల్స్‌ని వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే, 2.0 నుంచి వల్కన్ 1.3 అడుగుతుంది. ప్రోటాన్ 8 మొదలుకొని అన్నిటిలో ఉన్నది అదే. కాబట్టి ఈ కార్డు మీద గేమ్ స్టార్ట్ అయినట్టే అయి మూసుకుపోతుంది. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లో ప్రోటాన్ 7 ఎంచుకుంటే కొన్ని పాత గేమ్స్ నడుస్తాయి. పిల్లల గదికి ఈ తిప్పలు అనవసరం, ఆ కార్డు మార్చేయండి.

1050 టీఐ పాస్కల్ చిప్. దానికి 580 సిరీసే చివరిది. ఆర్చ్ మీద కట్టిన డిస్ట్రోల్లో అప్‌డేట్ కొట్టగానే 590 దిగిందంటే డెస్క్‌టాపే రాదు. దానికి 580ని వదలని డిస్ట్రో కావాలి. 1650 ట్యూరింగ్, 3050 యాంపియర్. ఆ రెండింటికీ ఇప్పట్లో చింత లేదు.

ఉప్పల్_ఉబుంటు
లినక్స్ మింట్ 22 వేసేయండి. ఉబుంటు 24.04 బేస్, 2029 దాకా సపోర్ట్. డ్రైవర్ మేనేజర్ తెరిచి రికమెండెడ్ అన్నది నొక్కితే అయిపోయింది.

బోయిన్‌పల్లి_బిల్డ్
@ఉప్పల్_ఉబుంటు "అయిపోయింది" అన్నచోటే అసలు మొదలవుతుంది. నీలం స్క్రీన్ గురించి చెప్పకుండా వదిలేస్తే రేపు ఇదే థ్రెడ్‌లో "గేమ్ నాలుగు ఎఫ్‌పీఎస్ వస్తోంది" అని పోస్ట్ పడుతుంది.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. ఎన్విడియా డ్రైవర్ మీ మిషన్‌లోనే కంపైల్ అవుతుంది కాబట్టి ఆ సంతకానికి వాడే కీని మదర్‌బోర్డుకి మీరే పరిచయం చేయాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. లాగిన్ పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. ఒక్కసారే వాడతాం. చిన్న అక్షరాలు, అంకెలు చాలు. ఎందుకంటే అవతల స్క్రీన్ మీ కీబోర్డ్ లేఅవుట్ పట్టించుకోదు, అమెరికన్ లేఅవుట్ అనుకుని చదువుతుంది.

రీబూట్ అవగానే నీలం స్క్రీన్ వస్తుంది: ఏదో ఒక కీ నొక్కితే మోక్ మేనేజ్‌మెంట్ అని (మోక్ అంటే ఇందాకటి సంతకం కీయే). పది సెకన్లే టైమ్. నీళ్లు తాగి వచ్చేలోపు పోతుంది. కీ నొక్కితే మెనూ వస్తుంది. అందులో మొదటి వరుస "కంటిన్యూ బూట్". అందరి వేలూ దాని మీదే పడుతుంది, తప్పంతా అక్కడే. రెండో వరుస "ఎన్‌రోల్ మోక్" తీసుకుని, కంటిన్యూ, ఎస్, పాస్‌వర్డ్, రీబూట్.

మిస్సయితే ఎర్రర్ ఏమీ రాదు, డెస్క్‌టాప్ మామూలుగానే వస్తుంది. టెర్మినల్‌లో ఇన్‌క్సీ -జీ కొట్టి చూస్తే రెండరర్ దగ్గర ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటుంది. అంటే బొమ్మంతా ప్రాసెసరే గీస్తోంది, కార్డు ఖాళీగా కూర్చుంది. అలాంటప్పుడు డ్రైవర్ తీసి మళ్లీ వేయకండి. అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీని ఎన్‌రోల్-కీ ఆప్షన్‌తో సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి నడిపి రీబూట్ చేస్తే నీలం స్క్రీన్ మళ్లీ వస్తుంది.

బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం ఇంకో దారి. ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉంచుకుంటే మాత్రం ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఆపగానే అదే అడుగుతుంది.

యూఎక్స్_అక్క
@బోయిన్‌పల్లి_బిల్డ్ ఈ స్క్రీన్ నాకు పాఠంలా పనికొస్తుంది. సాంకేతికంగా అందులో తప్పేం లేదు. కానీ అడిగేది పది సెకన్లలో, అడుగుతున్నది ఏమిటో చెప్పకుండా, పైవరుసలో తప్పు జవాబు పెట్టి. తప్పు జవాబిచ్చినా ఏమీ జరగనట్టే ఊరుకుంటుంది. ఆ తర్వాత లాగిన్ అవగానే "కీ చేరలేదు, మళ్లీ ప్రయత్నించాలా?" అని ఒక్క కిటికీ తెరుచుకుంటే సగం ఫోరమ్ పోస్టులు ఉండవు.

2021 నవంబర్‌లో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే డిస్ట్రోలో స్టీమ్ వేయబోయి డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకున్న వీడియో చాలామంది చూసే ఉంటారు. ప్యాకేజీలో గొడవ ఉంది. ప్యాకేజీలు వేసే ఏప్ట్ ప్రోగ్రామ్ హెచ్చరించింది కూడా. "అవును, నేను చెప్పినట్టే చెయ్" అన్న వాక్యం మొత్తం టైప్ చేయమంది, ఆయన చేశాడు. అప్పట్లో "చదవకుండా కొట్టాడు" అని నవ్వినవాళ్లే ఎక్కువ. ఏప్ట్ వాళ్లు మాత్రం నవ్వి ఊరుకోలేదు, ముఖ్యమైన ప్యాకేజీలు అలా తీసేసే దారినే మూసేశారు. స్టీమ్ కావాలని వచ్చినవాడికి వంద ప్యాకేజీల లిస్టు చూపించి సంతకం పెట్టమంటే పెట్టేస్తాడు. మనం బ్యాంకు ఫారాల మీద పెట్టట్లేదా?

రాంనగర్_రిగ్
ఎ మిషన్‌లో మింట్ వేశాను, మోక్ ఎన్‌రోల్ చేశాను, ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ కమాండ్‌లో 1650 కనిపిస్తోంది. సీఎస్2 బాగానే ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో ఉన్న జీటీఏ మాత్రం ప్లే నొక్కితే ఒక్క సెకను "రన్నింగ్" అని, మళ్లీ ఆకుపచ్చ ప్లే బటన్‌కే వస్తోంది. ఎర్రర్ ఏమీ లేదు.

కెర్నల్_కాక
ఎన్‌టీఎఫ్‌ఎస్ అన్నప్పుడే అనుకున్న.

ప్రోటాన్ ప్రతి గేముకు ఒక బుడ్డ విండోస్ కడ్తది. స్టీమ్‌యాప్స్ లోపల కంపాట్‌డేటా అని ఫోల్డర్ ఉంటది చూడు, దాంట్ల గేమ్ నంబర్ పేరుతోని ఒకటి, దాని లోపట పీఎఫ్‌ఎక్స్, దాని లోపట డాస్‌డివైసెస్. ఇగో గీ డాస్‌డివైసెస్‌ల "సీ:" "జడ్:" అని రెండు లింకులుంటయి. పేరులనే కోలన్. విండోస్ లెక్కల ఫైల్ పేరుల కోలన్ ఉండొద్దు. ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద గా లింకులు సక్కగ పుట్టయి, పుట్టినా విండోస్‌ల డిస్క్ చెకింగ్ నడిస్తే ఊడ్సుకపోతయి. సీ డ్రైవే లేని విండోస్‌ల గేమెట్ల లేస్తది?

రెండోది, విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ ఆన్ ఉంటే షట్‌డౌన్ కొట్టినా అది సగం నిద్రలనే ఉంటది. గా డిస్కును లినక్స్ రీడ్-ఓన్లీగనే ఎక్కిస్తది. స్టీమ్ "డిస్క్ రైట్ ఎర్రర్" అంటది, మనమేమో డిస్కు పోయిందనుకుంటం.

విండోస్‌తోని పంచుకునే పని లేకపోతే లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి మార్చు. పంచుకోవాల్సిందే అంటే కంపాట్‌డేటా ఒక్కటి లినక్స్ పార్టిషన్‌ల పెట్టి, పాతచోట లింకు పెట్టు. గిది పని చేస్తది గని నలుగురు కూసునే మిషన్‌కు నేనైతే చెప్ప.

బోయిన్‌పల్లి_బిల్డ్
మార్చేటప్పుడు మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. 100 జీబీ గేమ్‌కి 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తిగా వచ్చినా రెండుంపావు గంటలు పడుతుంది. అదే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు నుంచి సెకనుకు 100 ఎంబీ చొప్పున కాపీ చేస్తే పదిహేడు నిమిషాలు.

స్టీమ్‌యాప్స్ లోపల కామన్ ఫోల్డర్‌లోని గేమ్ ఫోల్డర్‌నీ, దానికి సంబంధించిన యాప్‌మానిఫెస్ట్ ఫైల్‌నీ వేరే డిస్కుకి తీసుకోండి. 1 టీబీని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయండి. స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర ఆ డిస్కుని లైబ్రరీగా చేర్చండి. స్టీమ్ పూర్తిగా మూసి (కిటికీ మూస్తే సరిపోదు, ట్రేలోంచి ఎగ్జిట్) రెండింటినీ వాటి చోట పెట్టండి. తెరిచాక వెరిఫై చేసి, తేడా ఉన్నంతవరకే దింపుకుంటుంది. కంపాట్‌డేటా మాత్రం వెంట తేకండి, కొత్తగా పుట్టనివ్వండి.

ఇంకో మాట. స్టీమ్‌ని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసేటప్పుడు అది సిస్టమ్ ప్యాకేజా, ఫ్లాట్‌ప్యాకా (తన పెట్టెలోనే విడిగా నడిచే రకం) చూడండి. ఫ్లాట్‌ప్యాక్ అయితే మీ 1 టీబీ డిస్కు దానికి కనిపించదు, ఫ్లాట్‌సీల్ అనే అనుమతుల యాప్‌లో ఆ దారికి అనుమతి ఇవ్వాలి. పైగా దాని లోపల ఎన్విడియా లైబ్రరీలు వేరే కాపీ. బయట డ్రైవర్ అప్‌డేట్ అయి లోపలి కాపీ కాకపోతే నిన్నటిదాకా నడిచిన గేమ్ ఇవాళ లేవదు. ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ చేస్తే సర్దుకుంటుంది.

ఈసీఐఎల్_ఈఎక్స్‌టీ4
పిల్లలకి ఒక్కొక్కరికీ వేరే లినక్స్ అకౌంట్ ఇచ్చి, లైబ్రరీ ఒకటే పెడితే?

కెర్నల్_కాక
వద్దు. ప్రిఫిక్స్ (ప్రోటాన్ కట్టే గా బుడ్డ విండోస్) ఎవరు కడితే వాళ్లదే. వేరే యూజర్ తెరిస్తే "ఇది నీది కాదు" అని ప్రోటాన్ లోపలుండే వైన్ ముఖం మీదనే చెప్తది, పర్మిషన్లు 777 (అందరికి అన్నీ) ఇచ్చినా గంతే. మిషన్‌కు ఒకటే లినక్స్ అకౌంట్, సుడో లేకుండ. స్టీమ్ అకౌంట్లు వేరేవేరే. ఐతే ఒకటి యాదికుంచుకో: ప్రిఫిక్స్ లినక్స్ అకౌంట్‌ది, స్టీమ్ అకౌంట్‌ది కాదు. క్లౌడ్ సేవ్ లేని గేముల ఇద్దరి సేవులు కలిసిపోతయి.

యూఎక్స్_అక్క
స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి దాకా చేరొచ్చు, కానీ అది ఒకే ఇంటివాళ్ల కోసం. అపార్ట్‌మెంట్ మొత్తాన్ని ఒక ఫ్యామిలీ అనుకోవద్దు. ఒక కాపీ కొంటే ఒకేసారి ఇద్దరు ఆడలేరు కూడా. నాలుగు మిషన్లలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మ్యాచ్ పెట్టాలంటే నాలుగు కాపీలు కావాలి.

రాంనగర్_రిగ్
జీటీఏ లేచింది, థాంక్స్ కాకా. డి ల్యాప్‌టాప్‌లో సీఎస్2 రైజెన్ గ్రాఫిక్స్ మీదే నడుస్తోంది, హేడీస్ మాత్రం 3050 మీద నడుస్తోంది. ఒకే మిషన్‌లో ఈ తేడా ఏంటి?

మెసా_మల్కాజ్‌గిరి
హేడీస్ డీఎక్స్‌వీకే ద్వారా వెళ్తుంది. రెండు కార్డులు కనిపిస్తే విడికార్డునే అది ముందు వరుసలో పెడుతుంది. సీఎస్2 నేటివ్, దానికి మధ్యవర్తి లేడు. ఆన్-డిమాండ్ (అడిగితేనే ఎన్విడియా) మోడ్‌లో మీరు చెప్పకపోతే రైజెన్ లోపలి చిన్న కార్డు మీదే నడవొచ్చు. మెనూలో స్టీమ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ఎన్విడియాతో నడుపు అన్నది తీసుకుంటే ఆ స్టీమ్ నుంచి లేచే గేమ్స్ అన్నీ 3050 మీదకే వెళ్తాయి. రోజూ రైట్ క్లిక్ ఎవరు చేస్తారు? ఛార్జర్‌కే అంటిపెట్టుకుని ఉండే మిషన్ అయితే ప్రైమ్-సెలెక్ట్ కమాండ్‌లో ఎన్విడియా పెట్టి మర్చిపోండి. వేడి, ఫ్యాన్ శబ్దం కొంచెం పెరుగుతాయి.

ఉప్పల్_ఉబుంటు
ఏ గేమ్ ఎలా నడిచిందో జనం రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో జీటీఏకి ఒకాయన పొడుగు లాంచ్ ఆప్షన్ ఇచ్చాడు, అది పెట్టుకుంటే ఇంకా స్మూత్ అంటున్నాడు.

బోయిన్‌పల్లి_బిల్డ్
తేదీ చూశారా? ప్రోటాన్ వచ్చింది 2018 ఆగస్టులో. అప్పటి చిట్కాలు ఇప్పటికీ అక్కడే వేలాడుతున్నాయి. వైన్‌డీ3డీ వాడమనే ఆప్షన్ పెడితే వల్కన్ వదిలేసి ఓపెన్‌జీఎల్ మీదకి పోతుంది, వేగం పెరగడం మాట అటుంచి సగానికి పడొచ్చు. పద్ధతి ఇదీ: ముందు ఖాళీ లాంచ్ ఆప్షన్స్, మామూలు ప్రోటాన్. నడవకపోతే ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్. కట్‌సీన్ దగ్గర రంగు పట్టీలో, నల్ల తెరో వస్తే అది వీడియో కోడెక్ సమస్య. ప్రోటాన్‌అప్-క్యూటీ అనే కిటికీ ప్రోగ్రామ్ నుంచి జీఈ-ప్రోటాన్ (బయటివాళ్లు కట్టిన ప్రోటాన్) దించుకోండి. దించాక స్టీమ్ మూసి తెరిస్తేనే లిస్టులోకి వస్తుంది. ఒక్కో మార్పు చేసి చూడండి, మూడూ కలిపి పెట్టి "ఏదో ఒకటి పనిచేసింది" అనొద్దు.

ఈసీఐఎల్_ఈఎక్స్‌టీ4
ఐ5-7400 మీద "ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్" (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములను ముందే సిద్ధం చేయడం) ఇరవై నిమిషాలు తింటుంది. పిల్లలు హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కేస్తారు.

మెసా_మల్కాజ్‌గిరి
సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లో షేడర్ ప్రీ-క్యాషింగ్ ఆపేయండి. డీఎక్స్‌వీకే 2.0 తర్వాత, డ్రైవర్ కొత్తదైతే, లోడింగ్ టైమ్‌లోనే చాలా షేడర్లు సిద్ధమైపోతాయి. మొదటిసారి అక్కడక్కడ చిన్న తడబాటు ఉంటుంది, అంతే.

కెర్నల్_కాక
పవర్ బటన్ అంటే యాదికొచ్చింది. ఎండకాలం కరెంటు పోతది. అప్‌డేట్ నడుమల పోతే మింట్‌ల ప్యాకేజీలు సగం సగం ఉంటయి, డీపీకేజీ కమాండ్‌ను కాన్ఫిగర్ -ఏ తోని నడిపిస్తే లైన్‌కొస్తది. బజైట్ లాంటి, సిస్టమ్ మొత్తం ఒకటే ఇమేజ్‌గ వచ్చే ఫెడోరా డిస్ట్రోల గా లొల్లి లేదు. కొత్త ఇమేజ్ పక్కన రాసుకుంటది, పూర్తయినంకనే రీబూట్‌ల దాని మీదికి పోతది. నచ్చకపోతే బూట్ మెనూల పాతది ఎంచుకో. ఎవ్వరూ సుడో కొట్టని గదికి నా ఓటు దానికే. డౌన్‌లోడ్ పేజీల 1050 టీఐకి వేరే ఇమేజ్, 1650, 3050కి వేరే, సూసుకొని తీయాలె. నీలం స్క్రీన్ అండ్ల గూడ వస్తది, పాస్‌వర్డ్ "యూనివర్సల్‌బ్లూ", అన్నీ చిన్న అక్షరాలు, కలిపి.

యూఎక్స్_అక్క
ఏది వేసినా మూడు పనులు ముందే చేసిపెట్టండి. లాగిన్ అవగానే స్టీమ్ బిగ్ పిక్చర్‌లో (తెర నిండా పెద్ద బటన్లతో) తెరుచుకోవాలి. నడవని గేమ్స్ లైబ్రరీలో దాచేయాలి, కనిపిస్తే నొక్కుతారు. గోడ మీద తెలుగులో ఒక కాగితం.

కాగితం రాసేటప్పుడు బటన్ పేర్లు అనువదించొద్దు. తెర మీద "ప్రాపర్టీస్" అని ఉంటే కాగితం మీద "లక్షణాలు" అని రాస్తే తాతయ్యగారు లక్షణాల కోసం వెతుకుతూనే ఉంటారు. అక్షరాలు తెలుగువైనా మాట తెర మీదదే ఉండాలి. "సమస్య వస్తే" అని కాకుండా కంటికి కనిపించేదే రాయండి: "ప్లే నొక్కితే మళ్లీ ప్లేనే వస్తోందా? పక్కనున్న గేర్ గుర్తు, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్." ఇలాంటివి నాలుగు వరుసలు దాటితే ఎవరూ చదవరు.

రాంనగర్_రిగ్
బి మీద బజైట్, ఎ, డి మీద మింట్ ఉంచుతా. రెండు చిన్న ప్రశ్నలు. చవక గేమ్‌ప్యాడ్ పెడితే బటన్లు అడ్డదిడ్డంగా పనిచేస్తున్నాయి. సి మిషన్‌కి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఏ కార్డు అడగాలి?

బోయిన్‌పల్లి_బిల్డ్
ప్యాడ్ డీ-ఇన్‌పుట్ మోడ్‌లోనో, ఆండ్రాయిడ్ మోడ్‌లోనో ఉండుంటుంది. చాలా చవక ప్యాడ్లలో మధ్య బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే మోడ్ మారుతుంది, లైట్లు మారతాయి. మారాక ఎల్ఎస్‌యూఎస్‌బీలో ఎక్స్‌బాక్స్ ప్యాడ్ అని పేరు కనిపిస్తే ఎక్స్‌ప్యాడ్ డ్రైవర్ పట్టుకున్నట్టే. కరెంటు తీసి పెట్టినప్పుడల్లా కొన్ని పాత మోడ్‌కే పోతాయి, అది కూడా కాగితం మీద రాయండి.

మెసా_మల్కాజ్‌గిరి
సి మిషన్‌కి సెకండ్ హ్యాండ్ ఏఎమ్‌డీ అడగండి. డ్రైవర్ కెర్నల్‌లోనే, లినక్స్‌తో వచ్చే మెసా గ్రాఫిక్స్ లైబ్రరీలోనే ఉంటుంది. ఇన్‌స్టాల్ లేదు, నీలం స్క్రీన్ అసలే లేదు. ఆర్ఎక్స్ 580 అయితే 185 వాట్ల కార్డు, 8-పిన్ వైరు ఉన్న 500 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్ కావాలి. పాత క్యాబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద పెట్టొద్దు. దాన్ని మార్చే ఉద్దేశం లేకపోతే వేరే వైరు అడగని ఆర్ఎక్స్ 550 చాలు. జీటీఏ తక్కువ సెట్టింగ్స్‌లో లాగుతుంది. ఆర్ఎక్స్ 6400 చూపిస్తే వద్దనండి. అది నాలుగు లేన్ల కార్డు, మీ పాత బోర్డు మీద సగం దారి మూసుకుపోతుంది.

580ల్లో చాలా వరకు క్రిప్టో మైనింగ్ నుంచి వచ్చినవే. మింట్ లైవ్ పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లి, షాపు మిషన్‌లోనే బూట్ చేసి, వల్కన్‌ఇన్ఫో సమ్మరీలో కార్డు పేరు చూడండి. పేరు చివర 2048ఎస్‌పీ అని ఉంటే అది కోత పెట్టిన చిప్, 580 ధర ఇవ్వక్కర్లేదు. పదిహేను నిమిషాలు లోడ్ పెట్టి ఉంచండి. తెర మీద చుక్కలు, గళ్లు రావడం మొదలైతే ఆ టైమ్‌లోనే వస్తాయి. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయో లేదో వంగి చూడండి. బిల్లు మీద కార్డు సీరియల్ నంబర్ రాయించుకోండి.

కెర్నల్_కాక
ఆదివారం పోకు, సగం షాపులు బంద్ ఉంటయి.